కమీషన్ పని తప్పు కాదు, పని కోసం ఎదురు డబ్బు కట్టడమే తప్పు



ఈ మధ్య మన సంఘ కార్యాలయానికి వచ్చేవాళ్లలో సగం మంది పాత పనుల మీద వస్తున్నారు. గ్రాట్యుటీ బాకీ, పి.ఎఫ్. కాగితాలు, మ్హాడా ఇంటి దరఖాస్తు. మిగిలిన సగం మంది ఫోను చేత పట్టుకొని వస్తున్నారు. "ఇంట్లో కూర్చొని నెలకు ముప్పై వేలు", "లింకు పంపండి, కమీషన్ పొందండి" అని ఫోనులో వచ్చిన మాటలు చూపించి, ఇది నిజమా, మోసమా చెప్పమని అడుగుతున్నారు. వీళ్లలో మిల్లు కార్మికుల కొడుకులున్నారు, కోడళ్లున్నారు. మిల్లు మూతపడ్డాక వాచ్‌మన్ పని చేసి, ఆ పనీ వయసు మీరి పోగొట్టుకున్న మన తోటి కార్మికులూ ఉన్నారు.

"అదంతా మోసం, దాని జోలికి పోకండి" అని ఒక్క ముక్కలో చెప్పి పంపడం మాకు సులువు. కాని అది పూర్తి నిజం కాదు. ఈ కమీషన్ పనిలో న్యాయమైన దారి ఒకటుంది. ఆ దారి పేరు చెప్పుకొని తిరిగే దొంగదారులు పది ఉన్నాయి. ఏది ఏదో తెలియక మన గల్లీల్లో ఇళ్లు మునుగుతున్నాయి. అందుకే ఈ సంచికలో వేరే విషయాలు పక్కన పెట్టి దీని మీదనే రాస్తున్నాము.

ఒక ఇంట్లో జరిగింది

మూడు నెలల కింద కామాఠీపురా నుంచి ఒక తల్లి వచ్చింది. భర్త నేత విభాగంలో పని చేసి, మిల్లు పోయాక జబ్బు చేసి చనిపోయాడు. ఆమె ఏళ్ల తరబడి బీడీలు చుట్టి పిల్లలను పెంచింది. "అన్నా, మా పోరడు ఆరు రోజుల నుంచి అన్నం సరిగ తింటలేడు. ఏమైందంటే చెప్తలేడు. మీరన్నా అడుగుండ్రి" అన్నది.

అడిగితే మెల్లగా చెప్పాడు. ఫోనుకు ఒక సందేశం వచ్చింది. అఫిలియేట్ పని, వీడియోలకు లైకు కొడితే ఒక్కోదానికి యాభై రూపాయలు అన్నారు. మొదటి రోజు మూడింటికి నూట యాభై నిజంగానే బ్యాంకులో పడ్డాయి. మరునాడు వెయ్యి కడితే పదమూడు వందలు తిరిగి వచ్చాయి. ఆ తరువాత టెలిగ్రాంలో ఒక గ్రూపులో చేర్చారు. అందులో రోజూ ఎవరో ఒకరు "నాకు లక్ష వచ్చింది" అని ఫొటో పెడతారు. ఐదు వేలు కట్టాడు. అది విడిపించుకోవడానికి ఇరవై వేలు కట్టమన్నారు. అదీ విడిపించుకోవడానికి యాభై ఎనిమిది వేలు. మొత్తం 83,000. తల్లి చిట్టీ ఎత్తిన డబ్బు, చెల్లె పెళ్లికి దాచిన గొలుసు కుదువ పెట్టిన డబ్బు అందులో పోయాయి.

అప్పటికి ఆరు రోజులైంది. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఆ ఆరు రోజుల్లో డబ్బు పది ఖాతాలు మారిపోయింది. సైబర్ నేరాలకు 1930 అనే నంబరు ఉన్నదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మోసం జరిగిన గంటా రెండు గంటల్లో ఆ నంబరుకు ఫోను చేస్తే, ఖాతాలో డబ్బును అక్కడికక్కడే ఆపించే వీలుంటుంది. ఆలస్యమైన కొద్దీ ఆ వీలు తగ్గుతుంది.

ఆ పిల్లవాడిని మేము కోప్పడలేదు. కోప్పడే హక్కు మన తరానికి లేదు. ఎందుకంటే ఈ మోసం కొత్తది కాదు. మన తాతలు, తండ్రులు ఇదే మోసాన్ని మిల్లు గేటు దగ్గర చూశారు.

గేటు దగ్గరి ముకద్దం, ఫోనులోని ముకద్దం

పాత బొంబాయి మిల్లుల్లో పని యాజమాన్యం చేతిలో ఉండేది కాదు, ముకద్దం చేతిలో ఉండేది. ఊరి నుంచి మనుషులను తెచ్చేది అతడే, పనిలో పెట్టేది అతడే, తీసేదీ అతడే. తెల్లవారుజామున భోంగా మోగక ముందే బదిలీ కార్మికులు గేటు దగ్గర వరుసగా నిలబడితే, ఎవరిని లోపలికి పిలవాలో అతడు నిర్ణయించేవాడు. పిలిపించుకోవాలంటే దస్తూరీ ఇవ్వాలి. పని దొరికాక పగారులో వాటా ఇవ్వాలి. 1931లో నివేదిక ఇచ్చిన రాయల్ కమిషన్ కూడా ఈ లంచం సంగతి రాసింది. మన కార్మిక సంఘాలు పుట్టి పెరిగింది ఈ పద్ధతితో కొట్లాడుతూనే.

మేమూ బదిలీ పాసు పట్టుకొని గేటు దగ్గర నిలబడిన వాళ్లమే. అక్కడ నేర్చుకున్న పాఠం ఒకటుంది. పని చేసినవాడు డబ్బు తీసుకోవాలి, ఇవ్వకూడదు. పని ఇస్తానని నీ దగ్గరే డబ్బు అడిగేవాడికి నీ పనితో అవసరం లేదు, నీ డబ్బుతోనే అవసరం.

ఆ తల్లి కొడుకు కట్టిన 83,000 దస్తూరీయే. తేడా ఏమిటంటే పాత ముకద్దం దస్తూరీ తీసుకొని ఏదో ఒక రోజు సాంచా దగ్గర నిలబెట్టేవాడు. ఫోనులోని ముకద్దంకు మిల్లే లేదు.

న్యాయమైన పద్ధతి ఎట్లా నడుస్తుంది?

అఫిలియేట్ మార్కెటింగ్ అంటే పెద్ద మాటగా ఉంది కాని సంగతి చిన్నదే. ఒక కంపెనీ తన సరుకు గురించి నలుగురికి చెప్పమని మీకు ఒక లింకు ఇస్తుంది. ఆ లింకులో మీ గుర్తు ఉంటుంది. ఎవరైనా దాన్ని నొక్కి, ఆ సరుకు కొని, తిప్పి పంపకుండా ఉంచుకుంటే, ధరలో ఇంత శాతం మీకు కమీషన్. అంతే. మన మంగల్‌దాస్ మార్కెట్లో గిరాకీని షాపుకు తెచ్చిన దలాలుకు వాటా ఇచ్చే పద్ధతి ఇది. అమెజాన్ కంపెనీ 1996లోనే అమెరికాలో దీన్ని మొదలుపెట్టింది. 2013లో ఆ కంపెనీ మన దేశంలో అమ్మకాలు మొదలుపెట్టాక ఇక్కడికీ వచ్చింది. ఇప్పుడు చాలా కంపెనీలు ఇస్తున్నాయి.

దీనికి దగ్గరి పద్ధతి ఇంకొకటి మన ఆడవాళ్లకు తెలిసిందే. 2015లో బెంగళూరులో మొదలైన మీషో వంటి కంపెనీల చీరల ఫొటోలు వాట్సాప్‌లో చుట్టాలకు, ఇరుగుపొరుగుకు పంపి, కంపెనీ ధర మీద తమ లాభం కొంత వేసుకొని అమ్మడం. ఇదీ న్యాయమైన వ్యాపారమే.

ఈ రెంటిలో గమనించవలసింది ఒకటే. డబ్బు కొనేవాడి జేబు నుంచి కంపెనీకి, కంపెనీ నుంచి మీకు వస్తుంది. మీ జేబు నుంచి ఎవరికీ పోదు. పేరు నమోదుకు పైసా కట్టనక్కరలేదు.

ఇక వచ్చేది ఎంత? ఇక్కడ ఎవరూ నిజం చెప్పరు కాబట్టి మేము చెబుతాము. ఐదు వందల దుప్పటికి ఐదు శాతం కమీషన్ అనుకుందాం. మీ లింకు నూరు మంది నొక్కారు. ముగ్గురు కొన్నారు. ఒకరు బాగా లేదని తిప్పి పంపారు. మిగిలిన రెండు దుప్పట్ల మీద మీకు వచ్చేది యాభై రూపాయలు. నూరు మందిని కదిలిస్తే యాభై రూపాయలు! ఫోన్లు, ఎలక్ట్రానిక్ సామాను మీద శాతం ఇంకా తక్కువ. అమెజాన్ నియమంలో, లింకు నొక్కిన 24 గంటల్లోపు కొనాలి లేదా కార్ట్‌లో వేసుకోవాలి. మరునాడు తీరికగా వచ్చి కొన్నవాడి కమీషన్ మీకు రాదు. మీ లింకు మీద మీరే కొనుక్కున్నా రాదు.

బీడీ కార్మిక సోదరీమణులకు ఇది వెంటనే అర్థమవుతుంది. వెయ్యి బీడీలు చుట్టి కార్ఖానాకు తీసుకుపోతే, బాగా లేవని కొన్ని పక్కకు తీసి మిగిలిన వాటికే లెక్క కట్టేవారు. తిప్పి పంపిన సరుకుకు కమీషన్ లేకపోవడం అదే పద్ధతి. చుట్టిన శ్రమ మనది, పారేసిన లెక్క వాళ్లది.

ఒక నోటుపుస్తకం లెక్క

మన చాల్‌లోనే ఒక చెల్లె ఈ పని నిజాయితీగా చేస్తున్నది. పేరు వేయవద్దన్నది కాని లెక్క వేయడానికి ఒప్పుకున్నది. తండ్రి నేత విభాగంలో పని చేసినవాడు. దుప్పట్లు, తువ్వాళ్లు, చీరలు ఎట్లా చూసి కొనాలో తెలుగులో చిన్న చిన్న వీడియోలు తీసి పెడుతుంది. కింద లింకు పెడుతుంది.

జనవరి, ఫిబ్రవరి, మార్చి: ఏమీ రాలేదు. ఏప్రిల్: 212. మే: 640. జూన్: 1,385. జూలై: 2,140. ఆగస్టులో ఆమె పని తగ్గలేదు కాని వచ్చింది 1,190 మాత్రమే. ఎందుకని చూస్తే, ఒక కంపెనీ ఆ సరుకు మీద కమీషన్ శాతాన్ని తగ్గిస్తూ ఒక ఉత్తరం పంపింది. ఎందుకు తగ్గించారో అందులో లేదు. అడగడానికి మనిషి లేడు.

ఎనిమిది నెలలకు మొత్తం 5,567 రూపాయలు. నెలకు సగటున ఏడు వందలు కూడా లేదు. అయినా ఆమె మానలేదు. "కరెంటు బిల్లు నా పైసలతోని కడుతున్న అన్నా" అన్నది. ఆ మాటలో ఉన్న గౌరవాన్ని మేము తక్కువ చేయము. కాని "నెలకు ముప్పై వేలు" అనేవాడి పక్కన ఈ నోటుపుస్తకం పెట్టి చూడండి. నిజమైన పని నెమ్మదిగా, చిన్నగా, ఎగుడుదిగుడుగా వస్తుంది. మొదటి రోజే నూట యాభై వేసేది ఎర మాత్రమే.

మన చేతిలో ఉన్న విద్య

ఆ చెల్లె వీడియోలు జనం ఎందుకు చూస్తున్నారు? ఆమె అందంగా మాట్లాడుతుందని కాదు. బట్ట గురించి తెలిసి మాట్లాడుతుందని. పోచంపల్లి ఇక్కత్ అని చెప్పి అచ్చు వేసిన బట్ట అమ్ముతుంటారు. ఇక్కత్‌లో నూలుకే ముందు రంగు అద్ది తరువాత నేస్తారు, కాబట్టి రంగు రెండు వైపులా ఒకేలా ఉంటుంది, డిజైను అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. అచ్చు బట్ట వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. ఫొటోలో ముందు వైపే చూపిస్తే అనుమానించాలి. ఈ సంగతి ఆమె తండ్రి దగ్గర విన్నది. అది చూసి ఎవరో ఒకరు మోసపోకుండా బయటపడ్డారు. ఆ నమ్మకానికే కమీషన్.

షోలాపూర్ చాదర్ అసలుదేదో, పోగుల ఒత్తు ఎట్లా చూడాలో, పన్నా ఎంత ఉండాలో, ఒక్క ఉతుకుకు ఏ రంగు దిగుతుందో మన ఇళ్లలో తెలిసినంతగా ఎవరికి తెలుసు? మిల్లులు పోయాయి, మిల్లులు నేర్పిన విద్య పోలేదు. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తరువాత మన వాళ్లు వేల మంది రోడ్డున పడ్డప్పుడు, ఆ విద్యకు ఎవరూ ధర కట్టలేదు. మన పిల్లలు ఇప్పుడు తెలిసిన సరుకు గురించి తెలిసిన మాట చెప్పి నాలుగు రూపాయలు సంపాదిస్తామంటే, సంఘం వాళ్ల వెనక నిలబడుతుంది. తెలియని సరుకును చూడకుండానే "సూపర్" అని పొగిడితే మాత్రం నిలబడదు.

ఎందుకంటే లింకు పంపడం అంటే జామీను ఉండడమే. నాగ్‌పాడాలో, కామాఠీపురా గల్లీల్లో మనం ఒకరి ఖోలీ నుంచి ఒకరి ఖోలీకి మాట మీద అప్పు ఇచ్చుకున్న జనం. "నువ్వు చెప్పినవని కొన్నం" అని వదినె అన్నప్పుడు తల దించుకునే పరిస్థితి తెచ్చుకోకూడదు. 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం కూడా చెప్పింది: ఒక వస్తువును మెచ్చుకుంటే తమకు డబ్బు గాని, కమీషన్ గాని, ఉచిత సరుకు గాని వస్తే ఆ సంగతి చూసేవారికి స్పష్టంగా తెలపాలని. మీరు తెలుగులో చెప్పే వీడియోలో తెలుగులోనే చెప్పండి: "ఈ లింకు మీద కొంటే నాకు కొంత కమీషన్ వస్తుంది." దాచితే అనుమానం పెరుగుతుంది, చెబితే నమ్మకం పెరుగుతుంది.

నాలుగు ఉచ్చులు

మొదటిది, పైన చెప్పిన టాస్క్ మోసం. లైకు కొట్టు, హోటలుకు మంచి మార్కులు ఇవ్వు, తరువాత డబ్బు కట్టు. 2023 డిసెంబరులో కేంద్ర హోం శాఖ ఇటువంటి పార్ట్‌టైం ఉద్యోగాల మోసాలకు వాడే వందకు పైగా వెబ్‌సైట్లను మూయించింది. మూసినవి వంద అయితే తెరుచుకునేవి అంతకంటే ఎక్కువ. కాబట్టి పేర్లు గుర్తుపెట్టుకొని లాభం లేదు, పద్ధతి గుర్తుపెట్టుకోవాలి.

రెండవది, మనుషులను చేర్పించే గొలుసు. సరుకు పేరుకే ఉంటుంది. డబ్బు కొత్తగా చేరినవాడి దగ్గర నుంచి వస్తుంది. 2011లో ఇదే ముంబైలో స్పీక్ ఏషియా సంగతి గుర్తుందా? పదకొండు వేలు కట్టి ఇంట్లో కూర్చొని సర్వేలు నింపితే వారం వారం డబ్బు అన్నారు. చివరికి పోలీసుల ఆర్థిక నేరాల విభాగం దర్యాప్తు చేయవలసి వచ్చింది. 2019లో మన తెలుగు నేల మీద ఈబిజ్ కేసులో సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు. అందులో చేరినవాళ్లలో కాలేజీ విద్యార్థులు ఎందరో. ఇటువంటి గొలుసులను 1978 నుంచే చట్టం నిషేధించింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాల ప్రకారం చేరడానికి రుసుము తీసుకోకూడదు, పిరమిడ్ పథకాలు నడపకూడదు. "ఇద్దరిని చేర్పించు" అన్నవాడికి ఈ మాట చెప్పి తలుపు చూపించండి.

మూడవది, బెట్టింగ్ యాప్‌ల లింకులు. కమీషన్ వీటిలోనే ఎక్కువ ఇస్తామంటారు. మన చెల్లెకు కూడా ఒకడు ఫోను చేసి, చేరిన ఒక్కో మనిషికి ఇంత అని ఆశ చూపాడు. ఆమె ఒప్పుకోలేదు. మన పెద్దలకు మట్కా గుర్తుంది. మిల్లు గేటు ఎదురుగా నిలబడి చీటీ రాసేవాడికీ కమీషనే దొరికేది. పగారు రోజు సాయంత్రం ఎన్ని ఇళ్లలో పొయ్యి రాజలేదో మనకు తెలుసు. 2025 మార్చిలో హైదరాబాదులో పంజాగుట్ట, మియాపూర్ పోలీసులు బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేసినవారి మీద కేసులు పెట్టారు. 2025 ఆగస్టులో వచ్చిన కొత్త చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. వాటిని ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నది. అంతకు మించి, ఆ డబ్బు పక్క ఖోలీ వాడి పిల్లల నోటి కూడు.

నాలుగవది అన్నిటికన్నా ప్రమాదం. "నీ బ్యాంకు ఖాతా వాడుకోనివ్వు, వచ్చిన డబ్బులో రెండు శాతం నీకు" అంటారు. ఇదీ కమీషనే అంటారు. ఆ ఖాతాలోకి వచ్చేది ఇంకో తల్లి పోగొట్టుకున్న డబ్బు. పోలీసులు మొదట వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉన్నదో వాళ్ల ఇంటికే. మోసపోయినవాడు డబ్బు పోగొట్టుకుంటాడు. ఖాతా ఇచ్చినవాడు జీవితం పోగొట్టుకుంటాడు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, సిమ్ కార్డు ఎవరి చేతికీ ఇవ్వకండి. తమ్ముడైనా, స్నేహితుడైనా, ఊరివాడైనా.

చేసేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు

ఈ పని చేయదలచినవాళ్లు దీన్ని ఉద్యోగం అనుకోవద్దు. ఉన్న పని మానుకొని దీనిలోకి దిగవద్దు. అప్పు చేసి కోర్సులు కొనవద్దు. "అఫిలియేట్ నేర్పిస్తాం" అని వేలు అడిగేవాడి సంపాదన లింకుల మీద కాదు, మీ ఫీజు మీద. కంపెనీ నియమాలు ఆ కంపెనీ సొంత పేజీలోనే చదువుకోవాలి. ఇంగ్లిషు రాకపోతే చదివించుకోవాలి.

లెక్క రాయండి. ఏ రోజు ఏ సరుకు, ఎంత కమీషన్, ఎంత చేతికి వచ్చింది. పాన్ కార్డు, మీ పేరున బ్యాంకు ఖాతా తప్పనిసరి. కమీషన్ మీద పన్ను కోత 2024 అక్టోబరు నుంచి 5 శాతం బదులు 2 శాతం అయింది. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదిలో 20,000 దాటితేనే కోయాలని మార్చారు. ఆదాయం పన్ను కట్టే స్థాయిలో లేకపోతే, రిటర్ను వేసి కోసిన డబ్బు తిరిగి తెచ్చుకోవచ్చు. పన్ను కోసిన కాగితం ఇచ్చే కంపెనీకి ఒక పేరు, ఒక చిరునామా ఉంటాయి. టెలిగ్రాం గ్రూపుకు ఆ రెండూ ఉండవు.

ఒకే చోట అన్నీ పెట్టుకోవద్దు. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు, దాని మీదనే బతుకు కట్టుకున్న పిల్లలకు ఒక్క రాత్రిలో చేతిలో ఏమీ మిగలలేదు. అదే ఏడాది ఏప్రిల్‌లో అమెజాన్ అమెరికాలో అనేక సరుకుల మీద కమీషన్ ఒక్కసారిగా కోసింది. మేజా బల్లల వంటి గృహోపకరణాల మీద 8 శాతం ఇచ్చేది 3 శాతం అయింది. అక్కడివాళ్లనూ ఎవరూ అడగలేదు.

సంఘం ఏమంటున్నది?

ఇక్కడే మాకు అసలు బాధ. మిల్లులో పగారు కోస్తే గేటు దగ్గర నిలబడి అడిగేవాళ్లం. జాబు చెప్పడానికి మేనేజరు ఉండేవాడు, వినడానికి లేబర్ కోర్టు ఉండేది. ఆ చెల్లె కమీషన్ సగానికి పడిపోతే ఏ గేటు దగ్గర నిలబడాలి? ఆమె పక్కన నిలబడవలసిన వేలాది మంది ఎవరో ఆమెకే తెలియదు. నారాయణ్ మేఘాజీ లోఖండే వంటి వాళ్ల పోరాటంతో 1890 జూన్ 10 నుంచి ఈ ఊరి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు దక్కింది. ఆ చెల్లెకు ఆదివారమే ఎక్కువ పని.

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లో గిగ్ కార్మికుడు, ప్లాట్‌ఫాం కార్మికుడు అనే మాటలు చేరాయి. కంపెనీలు తమ వార్షిక టర్నోవరులో 1 నుంచి 2 శాతం వీళ్ల సంక్షేమ నిధికి కట్టాలని అందులో ఉన్నది. నాలుగు కోడ్‌ల మీద మన సంఘానికి ఉన్న అభ్యంతరాలు ఉండనే ఉన్నాయి. అయినా ఆ మాట చట్టంలోకి వచ్చింది కాబట్టి మేము అడుగుతున్నాము. సామాను మోసేవాడిని, బండి నడిపేవాడిని లెక్కలోకి తీసుకున్నట్టే, సరుకు అమ్మిపెట్టేవాళ్లనూ తీసుకోండి. కమీషన్ శాతం మార్చేముందు కనీసం నెల రోజుల నోటీసు ఇవ్వాలి. ఖాతా మూస్తే కారణం రాసి ఇవ్వాలి. అప్పటిదాకా సంపాదించినది ఆపకూడదు. ఫిర్యాదు వినడానికి మన భాష తెలిసిన మనిషి ఉండాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. మిల్లు గేటు దగ్గర మన పెద్దలు అడిగి సాధించుకున్నవే.

అంతదాకా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. వచ్చే నెల నుంచి ప్రతి ఆదివారం ఉదయం 10 నుంచి 1 గంట దాకా సంఘ కార్యాలయంలో ఇద్దరు చదువుకున్న పిల్లలు కూర్చుంటారు. ఫోనులో ఏ పని సందేశం వచ్చినా, ఒక్క రూపాయి కట్టకముందే తెచ్చి చూపించండి. ఇప్పటికే కట్టి ఉంటే, అప్పటికప్పుడే 1930కు ఫోను చేయండి. ఆదివారం దాకా ఆగకండి. సిగ్గుపడకండి. సిగ్గుపడవలసింది దోచుకున్నవాడు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు డబ్బు పోగొట్టుకొని వస్తే ముందు అన్నం పెట్టండి, తరువాత అడగండి. ఆ పిల్లవాడు మొదటి రోజే తల్లితో చెప్పగలిగి ఉంటే, గొలుసు అయినా మిగిలేదేమో.

ఇప్పుడు ఆ పిల్లవాడు భివండీలో ఒక గోదాములో పని చేస్తున్నాడు. అప్పు కొంత తీర్చాడు. ఆదివారాల్లో మన కార్యాలయంలో కూర్చోబోయే ఇద్దరిలో ఒకడు అతడే. తానే అడిగి ఒప్పుకున్నాడు. "తమ్మీ, వచ్చినోళ్లను మొట్టమొదలు ఏమడుగుతవ్?" అని మేమడిగితే, "ఎంత కట్టిన్రు అని అడుగుత అన్నా. ఇంక కట్టలేదంటే, వాళ్లు గెలిచినట్టే" అన్నాడు.

ఈ సంపాదకీయంలో మేము చెప్పదలచినదంతా ఆ మాటలోనే ఉన్నది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

– కార్యదర్శి